రంగును కాదు, హద్దును చూడాలి

అమెరికా నైరుతి మూలన, యూటా, ఆరిజోనా రాష్ట్రాల మీదుగా పరుచుకున్న కొలరాడో పీఠభూమిలో ఎటు చూసినా ఇసుకరాతి చరియలే. జురాసిక్ కాలంలో అక్కడ ఇసుక ఎడారులు ఒకదాని తర్వాత ఒకటి ఏర్పడ్డాయి. నవాహో, పేజ్, ఎంట్రాడా అని నేడు పిలుస్తున్న ఇసుకరాళ్లు వాటి అవశేషాలే. మూడింటిలోనూ గాలి పోసిన సన్నని ఇసుకే ప్రధానం, దిబ్బలు మిగిల్చిన ఏటవాలు చారలే. మరి ఒక పొర ఎక్కడ ముగిసిందో, వందల కిలోమీటర్ల అవతల కనిపించే రాయి దాని కొనసాగింపో కాదో ఎలా తేల్చాలి? రాయి రూపం కన్నా, దాని పైనా కిందా ఉన్న తలాలకే పెద్దపీట వేయాలని నా వాదన.

రంగు మొదట మోసం చేస్తుంది. జయాన్ లోయలో 600 మీటర్లకు పైగా మందమున్న నవాహో చరియ కింది భాగం ఎర్రగా, పైభాగం తెల్లగా ఉంటుంది. చూడగానే రెండు పొరలనిపిస్తుంది గానీ, రెండూ ఒకటే. రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు పూతను ఆ తర్వాతి కాలంలో భూగర్భ ద్రవాలు కరిగించిన చోట రాయి వెలిసిపోయింది. రంగు మారే గీత కొన్నిచోట్ల చారలను అడ్డంగా కోసుకుంటూ పోతుంది.

పోలికలు ఇంకా పెద్ద పొరపాటుకు దారితీశాయి. 1917లో హెర్బర్ట్ గ్రెగరీ నవాహో ఇసుకరాయికి ఆ పేరు పెట్టాడు. పేజ్ పట్టణం దగ్గర దాని పైభాగమనుకున్న రాతిని 1979లో పీటర్సన్, పిపిరింగోస్ వేరుచేసి పేజ్ ఇసుకరాయి అన్నారు. రెండింటి నడుమ కోతకు గురైన తలం ఒకటుంది. దాని మీద చెర్ట్ అనే గట్టి రాతి గులకరాళ్లు పరుచుకుని ఉంటాయి. కింది రాయి అరిగి ఇసుక ఎగిరిపోగా, గాలి మోయలేక వదిలేసినవి అవి. అంతకన్నా బలమైన సాక్ష్యం పడమటి వైపు ఉంది. అక్కడ పేజ్ పొరలు కార్మెల్ అనే సముద్రపు సున్నపురాయి, బంకరాయి పొరలలోకి వేళ్లలా చొచ్చుకుపోతాయి. అంటే పేజ్ దిబ్బలు ఆ సముద్రానికి ఇరుగుపొరుగు. కార్మెల్‌లోని అగ్నిపర్వత బూడిద వయసు సుమారు 16.8 కోట్ల ఏళ్లు. నవాహో దిబ్బలేమో తొలి జురాసిక్ నాటివి. పైకి ఒకే రాయిలా కనిపించిన చోట దాదాపు కోటి ఏళ్ల ఖాళీ దాగి ఉందన్నమాట.

నియమం ప్రకారం శిలాసమూహాన్ని నిర్వచించాల్సింది రాతి లక్షణాలతోనే కదా అని అడగవచ్చు. పేరు పెట్టడానికి, పటం గీయడానికి అది సరిపోతుంది. కాలంలో ఒక పొరను మరో పొరతో జతపరచడానికి చాలదు. రెండో అభ్యంతరం మరింత బరువైనది. నవాహో లోపలే ఇలాంటి చదును తలాలు చాలా ఉన్నాయి. గాలి ఇసుకను భూగర్భ జలమట్టం దాకా తవ్వి, తడి ఇసుక దగ్గర ఆగిపోవడం వల్ల అవి ఏర్పడ్డాయని 1968లో విలియం లీ స్టోక్స్ వివరించాడు. వాటిలో ప్రాంతీయ హద్దు ఏదో తలాన్ని ఒక్కదాన్నే చూసి చెప్పలేం. గులకరాళ్లు, తలం విస్తృతి, పక్కనున్న సముద్రపు పొరలు, బూడిద వయసు ఒకే మాట చెప్పాలి. 1978లో పిపిరింగోస్, ఓసల్లివన్ ప్రతిపాదించిన ప్రాంతీయ హద్దులలో కొన్నింటిని తర్వాతివారు ప్రశ్నించారు కూడా. నా దృష్టిలో ఈ పద్ధతి బలం అదే. తలం మీద గీసిన హద్దును మరొకరు వెళ్లి పరీక్షించి తప్పని నిరూపించగలరు.

హార్స్‌షూ బెండ్ అనే నది మలుపు చూడటానికి పేజ్ పట్టణం దాకా వెళ్లే తెలుగువారు చాలామందే ఉన్నారు. అక్కడ నది కోసిన గోడలు నవాహోవి. పట్టణం నిలిచిన మాన్సన్ మెట్ట పేజ్ ఇసుకరాయికి నమూనా స్థలం. ఈసారి వెళ్తే రంగులతో పాటు ఆ రెండింటి మధ్య హద్దునూ వెతకండి.