చాచిన అరచేయి

గత ఏడాది కోరుట్ల నుండి మా వద్ద చదువుకోవడానికి వచ్చిన ఓ పదేళ్ళ బాలుడు సబఖ్‌లో తడబడిన ప్రతిసారీ, మేము ఏమీ అనక మునుపే, కళ్ళు గట్టిగా మూసుకొని అరచేయి చాచేవాడు. నలభై ఏళ్ళ క్రితం మేమూ అచ్చంగా అలాగే చాచేవాళ్ళం.

మమ్మల్ని ఉస్తాదుగారికి అప్పగిస్తూ మా నాన్నగారు “ఎముకలు మావి, తోలు మీది” అన్నారు. ఆనాడు ప్రతి తండ్రీ అనే మాటే అది. ఉస్తాదుగారు దాన్ని అక్షరాలా పాటించారు. పెద్దయ్యాక మేమూ పాటించాము. దెబ్బలు తిన్నాం గనుకనే ఇంతవారమయ్యామని గర్వంగా చెప్పుకునేవాళ్ళం కూడా.

బాలుని తల్లిని పిలిపించాము. భర్త దుబాయిలో ఉన్నాడు. తెల్లవారింది మొదలు చాట ముందు కూర్చొని బీడీలు చుడుతుంది. కార్ఖానాలో కొన్ని బీడీలు పనికిరావని పక్కన పడేసిన రోజున ఆమె చేయి పిల్లాడి మీద లేస్తుంది. “మౌలానా సాబ్, మా అమ్మీ నన్ను ఆకు కోసే కత్తెరతో కొట్టేది. నేను చేత్తోనే కదా కొడుతున్నాను!” అంది. ఆమె దృష్టిలో అది దయే.

సిరిసిల్లలో సాంచాలు ఆగి కూలి దొరకని ఇంట్లోనూ, గల్ఫ్ అప్పుతో తిరిగొచ్చిన జగిత్యాల తండ్రి ఇంట్లోనూ కోపం చివరికి చేరేది అందరికన్నా చిన్న వీపు మీదికే. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ నాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో జరిపించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురవుతున్నట్లు తేలింది. ఇళ్ళలో కొట్టేవారిలో అత్యధికులు కన్నవారే.

పదేళ్ళ పిల్లలను నమాజు కోసం దండించవచ్చన్న హదీసును మాకు గుర్తుచేసే సోదరులున్నారు. వారు రద్దుల్ ముహ్తార్ కూడా తెరిచి చూడాలి. చేతితోనే గాని కర్రతో కాదు, మూడుకు మించి కాదు అని హనఫీ పండితులు హద్దు గీశారు. సబఖ్ తప్పినందుకు వాతలు తేలేలా కొట్టడానికి అందులో అనుమతి ఎక్కడుంది? బాల్యం నుండి పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో గడిపిన హజ్రత్ అనస్ (రజి) ఆయన నోట విసుగు మాటైనా వినలేదు. విద్యార్థులపై కాఠిన్యం వారికి అబద్ధాన్నీ కపటాన్నీ నేర్పుతుందని ఇబ్నె ఖల్దూన్ ఆరు శతాబ్దాల క్రితమే రాశారు.

బడుల్లో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. 2012 సవరణ మదర్సాలను ఆ చట్టం నుండి మినహాయించింది. దాన్ని వెసులుబాటుగా భావించేవారున్నారు. పిల్లల సంరక్షకులెవరైనా క్రూరంగా ప్రవర్తిస్తే 2015 నాటి బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ శిక్షిస్తుంది; అక్కడ మదర్సాకు మినహాయింపు లేదు.

మరో మాట. దెబ్బలకు జడిసే బిడ్డ, తన దేహాన్ని ఎవరైనా చెడుగా తాకినా పెదవి విప్పడు. అలాంటిది ఇంట్లో జరిగినా, మదర్సాలో జరిగినా పరువు కోసం దాచిపెట్టడం పాపం. పోక్సో చట్టం ప్రకారం నేరం కూడా. 1098కి ఫోన్ చేయండి.

దెబ్బలు తిన్నవారంతా కొట్టేవారవుతారని కాదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంటి కలహాలు, తల్లిదండ్రుల తాగుడు మధ్య పెరిగినవారిలో సుమారు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వారి జీవితాల్లో ఆప్యాయత చూపిన పెద్దవారు కనీసం ఒక్కరుండేవారు, నానమ్మో, పంతులమ్మో. హజ్రత్ యూసుఫ్ (అలై) గాథ మనకు తెలిసిందే. బావిలో తోసిన అన్నలు చేతికి చిక్కిన నాడు ఆయన ప్రతీకారం తలపెట్టలేదు.

మేము ఆ బాలుణ్ణి క్షమాపణ కోరాము. తోటి ఉస్తాదులకు అది నచ్చలేదు. కోపమొస్తే చాట పక్కన పెట్టి వుజూ చేసుకోమని తల్లికి చెప్పాము. మొన్న కలిసినప్పుడు, “రెండుసార్లు వుజూ చేశాను మౌలానా సాబ్, మూడోసారి కొట్టాను” అని తల దించుకుంది.

బాలుడు ఇప్పుడు యాసీన్ సూరా కంఠస్థం చేస్తున్నాడు. తడబడితే ఇప్పటికీ ఒక్కోసారి చేయి కదులుతుంది. సగంలో ఆపుకొని, కళ్ళు తెరిచి మా వైపు చూస్తాడు.