జతపని – ఆటిజం గల యువజనులు

పూర్వము పల్లెలలో ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు వడ్లు దంచెడివారు. ఒకరి రోకలి పైకి లేచునప్పుడు రెండవవారిది క్రిందికి దిగును. ఒకరి వేగమును బట్టి మరియొకరు తమ చేతిని సవరించుకొందురు. రోకళ్లు రెండును తగిలినచో తప్పు ఏ ఒక్కరిదని చెప్పగలము? జతపని యంతయు ఇట్టిదే.

ఆటిజం గలవారి విషయమున ఈ న్యాయము చాలకాలము పాటింపబడలేదు. ఆటిజం అంటువ్యాధి కాదు. మెదడు ఎదుగుదలలో బాల్యము నుండియే ఉండు భేదము. ఎదుటివారి కన్నులలోనికి చూడకయే మాటలాడుట, మాటను ఉన్నదున్నట్లుగనే గ్రహించుట, శబ్దములకు మిక్కిలి కలతపడుట వీరిలో తరచు కనిపించును. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. తరువాత పెక్కేండ్లు, సంభాషణ బెడిసినపుడెల్ల లోపము వీరిదేయని శాస్త్రజ్ఞులు తలచిరి. 2012లో బ్రిటిష్ సామాజిక శాస్త్రజ్ఞుడు డేమియన్ మిల్టన్ దీనిని ప్రశ్నించెను. ఆయనయు ఆటిజం గలవాడే. అపార్థము ఇరుప్రక్కల నుండియు కలుగునని ఆయన వాదము.

ఈ వాదమును పరీక్షించుటెట్లు? ఎడింబరో విశ్వవిద్యాలయమునకు చెందిన కేథరిన్ క్రాంప్టన్ బృందము 72 మంది పెద్దలను ఎనిమిదేసి మంది గల 9 వరుసలుగ ఏర్పరచెను. మొదటివారు విన్న కథను రెండవవారికి, వారు మూడవవారికి, ఇట్లు చివరివరకు చెప్పవలెను. 2020లో ఫలితములు వెలువడెను. అందరును ఆటిజం గలవారైన వరుసలలో కథ ఎంత నిలిచెనో, ఆటిజం లేనివారి వరుసలలోను ఇంచుమించుగ అంతే నిలిచెను. ఇరువురును కలిసిన వరుసలలో మాత్రము త్వరగా తరిగెను.

2025లో ప్రకటింపబడిన, 311 మందితో జరిపిన పెద్ద పరీక్షలో మాత్రము మూడు విధముల వరుసలకును చెప్పదగిన భేదము కనబడలేదు. కావున ఇరువురు కలిసినచోట తరుగుదల తప్పదనుటకు వీలులేదు. అయినను రెండు పరీక్షలలోను నిలిచిన సత్యమొకటి గలదు: విషయమును అందించుటలో ఆటిజం గలవారు తీసిపోరు.

ఇది కేవలము పండితుల చర్చ కాదు. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగముల రిజర్వేషనులలో ఆటిజం గలవారిని కూడ చేర్చినది. కాని ముఖాముఖి పరీక్షలో అభ్యర్థి కన్నెత్తి చూడలేదని పెదవి విరిచినచో, పని తెలిసిన యువకుడు వాకిటనే ఆగిపోవును. ఉద్యోగమిచ్చిన పిదప "కొంచెము చూచి చేయుము" అనుటకంటె ఏ పని, ఎంత, ఎప్పటిలోగా అని విప్పి చెప్పుట మేలు. అర్థము కానిచో అడుగుటకు అతనికి చనువు ఈయవలెను. సర్దుకొనుట అతని వంతు మాత్రమే కాదు, మన వంతు కూడ.