గూడు బండి

గూడు బండి అనగా వెదురు బద్దలతో అల్లిన వంపు కప్పు కలిగి, ఎద్దులు లాగే ప్రయాణపు బండి. మనుషులు కూర్చొని పోవడానికి వాడేది కనుక దీనిని సవారి బండి అని కూడా అంటారు. ఎరువు, ధాన్యం, రాళ్ళు తోలే మోటు బండికి ఇటువంటి కప్పు ఉండదు. రైళ్ళు, బస్సులు రాక పూర్వం తెలుగు నాట సాధారణ రైతు కుటుంబాలు పిల్లలతో, వృద్ధులతో దూర ప్రయాణం చేయడానికి ముఖ్య ఆధారం ఇదే. నేడు పడకలు, వంటగది అమర్చిన మోటారు కారవాన్‌లలో కుటుంబాలు విహారానికి వెళ్ళడం కొత్త వేడుకగా చెప్పుకొంటున్నారు గాని, ఇంటిని వెంట తీసుకొని పోవడం తెలుగు వారికి కొత్త కాదు.

నిర్మాణం

బండికి ముఖ్యమైన భాగాలు ఇరుసు, రెండు చక్రాలు, నొగలు, కాడి, గూడు. చక్రం మధ్య కుండకు ఆకులు బిగించి, వాటి చుట్టూ కొయ్య వలయం కూర్చుతారు. దీనికి తుమ్మ వంటి గట్టి కర్ర వాడతారు. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర చీల దిగగొడతారు.

ఇనుప పట్టా తొడిగే పద్ధతి విద్యార్థులు గమనించదగినది. పట్టాను చక్రపు చుట్టుకొలత కంటే కొంచెం చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. వేడికి వ్యాకోచించిన పట్టాను చక్రం మీద కూర్చి వెంటనే నీళ్ళు పోస్తారు. చల్లారి సంకోచించినప్పుడు అది ఆకులనూ కుండనూ కలిపి బిగిస్తుంది. పాఠ్యపుస్తకంలో ఘనపదార్థాల వ్యాకోచానికి ఇచ్చే ఉదాహరణ ఇదే. ఎండాకాలంలో కర్ర ఎండి కుదించుకొనిపోతే పట్టా వదులవుతుంది. అందుచేత దారిలో చెరువు తగిలితే చక్రాలను కాసేపు నీటిలో నిలిపేవారు. ఇరుసు అరగకుండా ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన పూసేవారు.

బరువు, తూకం

రెండు చక్రాల బండి త్రాసు వంటిది. ఇరుసు దాని ఆధారం. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడకు కట్టిన పట్టెడ గొంతుకు బిగుస్తుంది. కనుక ఎవరు ఎక్కడ కూర్చోవాలో బండివాడే నిర్ణయించేవాడు. మిట్ట ఎక్కేటప్పుడు లోపలివారిని ముందుకు, దిగేటప్పుడు వెనుకకు జరగమనేవాడు.

పిల్లలు బండి వెనుక వ్రేలాడితే బండివాడు కోప్పడడానికి కారణం కూడా ఇదే. ఇరుసుకు 4 అడుగుల వెనుక 20 కిలోల పిల్లవాడు వ్రేలాడుతున్నాడనుకొందాం. కాడి ఇరుసుకు 8 అడుగుల ముందు ఉంటే, దాని మీద 10 కిలోల బరువు తగ్గుతుంది. ఇద్దరు వ్రేలాడితే 20 కిలోలు. ఆ మేరకు కాడి పైకి లేవజూస్తుంది. పిల్లలకు ఇది ఆట, ఎద్దులకు ఉరి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దారి

పూర్వపు అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మూడు పట్టణాల ప్రాంతం దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాలలో ఒకటి. హిందూపురం నుండి పెనుకొండకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుండి ధర్మవరానికి దాదాపు అంతే, లేదా కొంచెం ఎక్కువ. ఎద్దులు గంటకు 3, 4 కిలోమీటర్లు నడుస్తాయి. మేతకు, విశ్రాంతికి పోను రోజుకు 25 కిలోమీటర్లు సాగితే మంచి ప్రయాణమే. ఈ లెక్కన హిందూపురంలో బయలుదేరిన కుటుంబం ధర్మవరం చేరడానికి మూడు, నాలుగు రోజులు పడుతుంది.

మజిలీని నిర్ణయించేది దూరం కాదు, నీరు. పనిచేసే ఎద్దు రోజుకు 30, 40 లీటర్ల నీరు త్రాగుతుంది. ఒక జతకు కావలసినంత నీటిని బండిలో మోయడం సాధ్యం కాదు. కుటుంబానికి ఒక బిందె, ఒక ముంత వెంట ఉంటే చాలు గాని, ఎద్దులకు చెరువు ఉండాలి. చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం, ధర్మవరం చెరువుల వంటివి ఈ కారణంగానే బాటసారులకు ప్రాణాధారాలు. చెరువులు ఎండిన ఏడు పిల్లలతో బండి కట్టడం సాహసమే. 1876-78 నాటి ధాత కరువులో ఈ సీమలో మనుషులతో పాటు పశువులు కూడా పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఎద్దులు పోయిన కుటుంబానికి సేద్యంతో పాటు ప్రయాణం కూడా పోయినట్లే.

ప్రయాణాలకు సందర్భాలు పెళ్ళిళ్ళు, పుట్టింటి రాకపోకలు, తిరునాళ్ళు. ఫాల్గుణ మాసంలో కదిరి నరసింహస్వామి రథోత్సవం, లేపాక్షిలో శివరాత్రి, పెనుకొండలో బాబయ్య దర్గా ఉరుసు ఈ ప్రాంతపు పెద్ద జనసమ్మర్దాలు. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి ఒక పూట బండి ప్రయాణం. అక్కడ ఒకే రాతిలో మలచిన నంది దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు ఉంటుంది. తాము వచ్చిన ఎద్దులను, ఈ నందిని ఒకేసారి చూసే పిల్లల ఆశ్చర్యం ఊహించుకోవచ్చు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని అయిన పెనుకొండలో కోట, గగన్ మహల్ నేటికీ ఉన్నాయి.

పిల్లలతో ప్రయాణం

బండి అడుగున వరిగడ్డి దట్టంగా పరచి, దానిపై జంపఖానా వేసేవారు. గతుకుల దెబ్బ తగలకుండా ఇదే పరుపు, మజిలీలో ఎద్దులకు మేత కూడా ఇదే. చిన్నపిల్లలను ఇరుసుకు పైగా, నడుమ కూర్చోబెట్టేవారు. అక్కడ కుదుపు తక్కువ, జారిపడే భయమూ తక్కువ. సద్దిమూటలో చిత్రాన్నం, జొన్నరొట్టెలు, బొరుగులు, చెనక్కాయలు, బెల్లం ఉండేవి. వేసవిలో ఎండ తప్పించుకొనడానికి వెన్నెల రాత్రులలో ప్రయాణించేవారు. బండి క్రింద లాంతరు వ్రేలాడదీసేవారు. రాత్రి ఆగితే స్త్రీలు, పిల్లలు గూటిలో, మగవారు బండి క్రింద పడుకొనేవారు.

ప్రమాదాలు లేకపోలేదు. చీర కొంగు, పిల్లల కాళ్ళు చక్రపు ఆకులలో చిక్కుకొనేవి. ఒక చక్రం గుంటలో దిగితే బండి తిరగబడేది.

మజిలీలలో కథలు చెప్పుకొనడం ఆనవాయితీ. మధిర సుబ్బన్న దీక్షితులు తన కాశీ మజిలీ కథలకు ఈ చట్రాన్నే వాడుకొన్నాడు. అందులో గురువుతో నడిచి కాశీకి పోయే పశుల కాపరికి మజిలీకొక కథ కూలి వంటిది.

క్షీణత

1880 నాటి కరువు సంఘం రైలు మార్గాలను విస్తరించాలని సూచించింది. 1890ల తొలి సంవత్సరాలలో గుంతకల్లు నుండి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరుకు మీటరు గేజి మార్గం ఏర్పడింది. దీనితో గూడు బండి ఒక్కసారిగా మాయం కాలేదు. పల్లె నుండి స్టేషనుకు మనుషులను చేర్చే పని దానికి మిగిలింది. తరువాత బస్సులు ఆ పనిని కూడా తీసుకొన్నాయి. సరుకుల బండ్లకు రబ్బరు టైర్లు వచ్చి డన్‌లప్ బండ్లుగా కొంతకాలం నిలిచాయి. ట్రాక్టర్లు వాటిని కూడా వెనక్కి నెట్టాయి.

తిరునాళ్ళకు కుటుంబాలను ట్రాక్టరు ట్రాలీలలో నింపుకొని పోవడం ఇప్పుడు తరచుగా కనిపిస్తుంది. ట్రాలీ సరుకుల కొరకు చేసినది. దానిలో మనుషులను ఎక్కించడం నిబంధనలకు విరుద్ధం. అది తిరగబడితే గూడు బండి వలె మెల్లగా ఒరగదు, మలుపులో వేగంతో బోల్తా పడుతుంది. బండివాడు ప్రతి మిట్టకూ చూసుకొన్న తూకం ట్రాలీలో ఎవరూ చూడరు.

2019 నుండి పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో కార్లు తయారవుతున్నాయి. అక్కడి 44వ నెంబరు జాతీయ రహదారి మీద, ఎద్దులకు ఒక రోజు పట్టిన దూరాన్ని కారు అరగంటలోపే దాటుతుంది. గూడు బండ్లు ప్రస్తుతం పెళ్ళి ఊరేగింపులలో, సినిమా చిత్రీకరణలలో, కొన్ని విహార కేంద్రాలలో మాత్రమే కనిపిస్తాయి. పట్టా తొడగగల వడ్రంగులు, కమ్మరులు కూడా అరుదైపోయారు.