మీకు తెలుసా? హనుమకొండ రోడ్డెక్కలేని రేసు బండి

మట్టి దిబ్బలు, గోతులు, మలుపులతో ప్రత్యేకంగా తీర్చిన బాటపై సాగే మోటోక్రాస్ పోటీల కోసమే తయారైన బైకుకు హెడ్‌లైటు, ఇండికేటర్లు, హారను ఉండవు కనుక, దానికి హనుమకొండ రవాణా కార్యాలయం నుంచి ‘టీజీ 03’ నంబరు లభించదు. రిజిస్ట్రేషను లేని వాహనాన్ని బహిరంగ రహదారిపై నడపడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 39వ సెక్షను నిషేధిస్తుంది.

• రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 దాదాపు 195 కిలోల బరువుతో 20 హార్స్‌పవరు శక్తినిస్తే, 450 సీసీ మోటోక్రాస్ బైకు సుమారు 110 కిలోల బరువుతోనే 50 హార్స్‌పవరుకు మించిన శక్తినిస్తుంది.

• చక్రం పైకీ కిందికీ కదలగల దూరాన్ని సస్పెన్షన్ ట్రావెల్ అంటారు. అది ఇందులో దాదాపు 300 మిల్లీమీటర్లు ఉండటం వల్ల, దిబ్బ మీది నుంచి గాలిలోకి లేచి నేలకు దిగినప్పటి అదురును బండి తట్టుకోగలుగుతుంది.

• 21 అంగుళాల ముందు చక్రం గోతులను సులువుగా దాటుతుంది. 19 అంగుళాల వెనుక చక్రపు టైరుకున్న రబ్బరు బొడిపెలు మట్టిలో దిగి పట్టునిస్తాయి.

• ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక్కో రేసు 30 నిమిషాలు, ఆపై రెండు ల్యాపులు మాత్రమే సాగుతుంది కాబట్టి, బరువు తగ్గించడానికి పెట్రోలు ట్యాంకును ఆరేడు లీటర్లకే పరిమితం చేస్తారు.

• ఆయిల్, పిస్టన్ మార్చే గడువును కిలోమీటర్లలో కాక, ఇంజిను నడిచిన గంటల్లో లెక్కిస్తారు.