ఒళ్లు చేయాలని పాషాణం తిన్నారు!

ఆస్ట్రియాలోని స్టిరియా కొండల్లో కొందరు రైతులు శంఖపాషాణాన్ని, అంటే ఆర్సెనిక్ విషాన్ని, రవ్వంత రవ్వంతగా నోట్లో వేసుకునేవారని 1851లో ఫాన్ చూడి అనే స్విస్ పండితుడు రాశాడు. దానితో బుగ్గలు నిండుతాయని, కొండెక్కినా ఆయాసం రాదని వాళ్ల నమ్మకం.

అమెరికాలో కోళ్లు త్వరగా ఎదగాలని రాక్సార్సోన్ అనే ఆర్సెనిక్ మందును దశాబ్దాలపాటు దాణాలో కలిపారు. కోళ్ల కాలేయంలో విషం తేలాక 2011లో దాని అమ్మకం ఆపేశారు.

మరి ఆర్సెనిక్ ఊబకాయం తెస్తుందా? అంత తేలిగ్గా చెప్పలేం. 2011లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొవ్వు మేత తిన్న ఎలుకలకు ఆర్సెనిక్ కలిపిన నీళ్లు పట్టారు. వాటికి కొవ్వు తక్కువే పట్టింది, చక్కెర అదుపు మాత్రం మరింత చెడింది. సన్నగా ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదన్నమాట.

చిలీలోని ఆంటోఫగాస్టా ఊరు 1958 నుంచి 1970 దాకా లీటరుకు దాదాపు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న నీళ్లు తాగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 10. ఆ ప్రాంతంలో పడుచు వయసులోనే బాగా లావైనవాళ్లకు తర్వాత క్యాన్సర్ ముప్పు మరీ పెరిగిందని 2015లో తేలింది.

తెలుగునేల మీద పటాన్‌చెరు నక్కవాగు పరిసరాల్లో, పరిశ్రమల వ్యర్థాల వల్ల, భూగర్భజలంలో ఆర్సెనిక్ బయటపడింది.

కోయంబత్తూరులో సిరువాణి నీళ్లు తాగే మన ఆర్.ఎస్. పురం వాళ్లకు ఇదంతా ఎందుకంటారా? మనం మూడుపూటలా తినేది బియ్యం. నిలవనీటిలో పెరిగే వరి, సిలికాను పీల్చుకునే దారిలోనే ఆర్సెనిక్‌నూ లాక్కుంటుంది. అది తవుడులో ఎక్కువ చేరుతుంది కాబట్టి, బరువు తగ్గాలని దంపుడు బియ్యానికి మారినవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కుక్కర్లు రాకముందు మన తెలుగిళ్లలో ఎసట్లో నీళ్లు దండిగా పోసి, అన్నం ఉడికాక సిబ్బి అడ్డంపెట్టి గంజి వార్చేవారు. బియ్యానికి 6 నుంచి 10 రెట్ల నీళ్లు పోసి వండి వారిస్తే విషపు ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా పోతుందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. వండే నీళ్లు మంచివైతేనే సుమా.

గంజితోపాటు బి విటమిన్లూ పోతాయి. వాటిలో ఫోలేట్ ముఖ్యం, కాలేయం ఆర్సెనిక్‌ను మార్చి మూత్రంలోకి పంపడానికి అది కావాలి. బంగ్లాదేశ్‌లో ఫోలేట్ కొరవడిన పెద్దలకు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం 12 వారాలు ఇస్తే రక్తంలో ఆర్సెనిక్ తగ్గింది. గంజి వార్చిన అన్నంలోకి పాలకూర పప్పో, పెసరపప్పో ఉంటే ఆ లోటు కొంత పూడుతుంది.