మంచాన పడ్డాకేనా ఆసరా?

పెద్ద వయసులో గుండెకు స్టెంట్ వేయాలన్నా, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయాలన్నా ప్రభుత్వ పథకాలు ఆదుకుంటున్నాయి. మరి నెలనెలా వేసుకోవాల్సిన బీపీ మాత్రల మాటేమిటి? ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక లేపి నడిపించేదెవరు? పక్షవాతంతో మంచం పట్టిన మనిషికి పుండ్లు పడకుండా చూసేదెవరు? మలివయసులో ఆరోగ్యం నిలబడేదీ, కూలబడేదీ చాలావరకు ఇక్కడే. మన విధానాలు పలచగా ఉన్నదీ ఇక్కడే. ఇప్పుడు ఏమేం అందుబాటులో ఉన్నాయి, వాటిని ఎలా వాడుకోవాలి, ప్రభుత్వాలు ఇంకా ఏం చేయాలి... తెలుసుకుందాం.

మనవీ పెద్దవాళ్ల రాష్ట్రాలే

వృద్ధుల సంఖ్య అనగానే కేరళ గుర్తొస్తుంది. కానీ మనమూ అదే దారిలో ఉన్నాం. కేంద్ర గణాంక శాఖ 2021లో వెలువరించిన నివేదిక అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవారు 12.4 శాతం, తెలంగాణలో 11 శాతం. దేశ సగటు 10.1 శాతమే. అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ సగటు కన్నా ముందే ముసలివవుతున్నాయి. పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాద్‌కో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోతే ఊళ్లో మిగిలేది ఇద్దరు. కొన్నాళ్లకు ఒక్కరు.

రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోని అంశాలు. కేంద్రం పథకాలు ప్రకటించొచ్చు, డబ్బివ్వొచ్చు. మీ మండలంలోని పీహెచ్‌సీలో డాక్టర్ ఉన్నారా, బీపీ మాత్రలు ఉన్నాయా, ఫిజియోథెరపిస్టు వస్తున్నారా అన్నది మాత్రం ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వమే చూడాలి. పింఛనూ అంతే. కేంద్రం వాటా 60-79 ఏళ్ల వారికి నెలకు రూ.200, ఎనభై దాటితే రూ.500. మిగతాది రాష్ట్రాలే వేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను రూ.4,000 అయ్యింది. తెలంగాణలో ఆసరా పింఛను రూ.2,016. చాలామంది పెద్దవాళ్లకు మందుల ఖర్చు కూడా ఇందులోంచే.

పడకకు డబ్బుంది

ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులకైతే భరోసా బాగానే పెరిగింది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద రూ.25 లక్షల వరకు చికిత్స చేయించుకోవచ్చు.

వీటికి తోడు 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డును తెచ్చింది. డెబ్భై ఏళ్లు నిండితే చాలు, ఆదాయంతో నిమిత్తం లేదు. ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స. ఒకే ఇంట్లో డెబ్భై దాటినవారు ఇద్దరుంటే ఆ మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. పాత జబ్బులున్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు బీమా ఉన్నవారూ తీసుకోవచ్చు.

అయితే ఒక సంగతి గమనించాలి. ఈ పథకాలన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికోసమే. వయ వందనలో ఓపీ ఖర్చులు రావు. డిశ్ఛార్జి తర్వాత 15 రోజుల వరకే మందుల వంటివి కలిసి ఉంటాయి. ఆ తర్వాత ఎవరి దారి వారిదే.

పడకకు ముందు, పడక తర్వాత

వృద్ధాప్యంలో వచ్చే జబ్బులు చాలావరకు ఒక్కరోజులో వచ్చి పోయేవి కావు. ఏళ్ల తరబడి వెంట ఉండేవి. బీపీ మాత్రలు రెండు నెలలు మానేస్తే పైకి ఏమీ తెలియదు. తెలిసేసరికి అది పక్షవాతం రూపంలో రావొచ్చు. నెలనెలా మాత్రలు అందేలా చూస్తే తప్పే ముప్పు ఇది. తప్పకపోతే ఐసీయూ ఖర్చుకు పథకం ఉంటుంది గానీ పడిపోయిన చెయ్యి మళ్లీ లేవకపోవచ్చు.

తుంటి ఆపరేషన్ అయినవారిని తీసుకోండి. వీలైనంత త్వరగా లేపి నడిపించడమే అసలు చికిత్స. ఎక్కువ రోజులు పడుకునే ఉంటే కండరాలు కరిగిపోతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టొచ్చు, వీపు మీదా పిరుదుల మీదా పుండ్లు పడతాయి. దీనికి కావాల్సింది వారాల తరబడి ఫిజియోథెరపీ, ఇంటికొచ్చి నేర్పే మనిషి. పట్టణాల్లో రోజుకింతని ఇచ్చి పెట్టుకోవాలి. పల్లెల్లో డబ్బు పెట్టినా దొరకడం కష్టం.

మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా సంగతి మరీ కష్టం. మనిషి నడుస్తూనే ఉంటారు, కానీ ఒంటరిగా వదిలేసే వీలుండదు. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతం వంటి సమస్యలతో పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి నెలకు రూ.15,000 పింఛను ఇస్తున్నారు. ఇది నిజంగా మంచి పని. కానీ లేచి తిరిగే డిమెన్షియా బాధితులకు ఈ ఆసరా అందదు. వారిని కనిపెట్టుకుని ఉండేవాళ్లు, సాధారణంగా కోడలో, కూతురో, అంతే వయసున్న భార్యో పని మానుకుని ఇంట్లోనే ఉండిపోవాల్సి వస్తుంది. ఆ చాకిరీ ఏ లెక్కలోకీ రావడం లేదు.

చట్టంలో ఉన్నదేమిటి?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 అనగానే పిల్లల మీద కేసు పెట్టడమే గుర్తొస్తుంది. కానీ ఈ చట్టం ప్రభుత్వాల మీదా బాధ్యత పెట్టింది. ఇరవయ్యో సెక్షన్ చదివితే తెలుస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వీలైనంత మేరకు పడకలు ఇవ్వాలి. వారికి ప్రత్యేక క్యూ ఉండాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యంలో అనుభవమున్న డాక్టర్ ఆధ్వర్యంలో ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలి. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రకారమైతే జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ, పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ ఉండాలి.

మీ పీహెచ్‌సీలో ఆ క్లినిక్ ఏ రోజో మీకు తెలుసా? చాలామందికి తెలియదు. అడిగేవారు లేకపోతే ఎంత మంచి నిబంధనైనా కాగితం మీదే ఉండిపోతుంది.

పొరుగువాళ్లు ఏం చేశారు?

కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ విధానాన్ని ప్రకటించింది. స్థానిక సంస్థల ద్వారా నర్సులు మంచాన పడినవారి ఇళ్లకే వెళ్తారు. పుండ్లు శుభ్రం చేస్తారు, మూత్రం గొట్టం మారుస్తారు, ఇంట్లోవాళ్లకు నేర్పిస్తారు. తమిళనాడు 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలుపెట్టింది. ప్రజలను వెతుక్కుంటూ వెళ్లే వైద్యం అని అర్థం. బీపీ, షుగర్ మాత్రలు గుమ్మం దగ్గరికే తెచ్చిస్తారు. ఫిజియోథెరపీ, పాలియేటివ్ సేవలు కూడా ఇంటి దగ్గరే.

మన దగ్గరా బీజాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనం డాక్టర్‌తో ఊళ్లకు వస్తుంది. తెలంగాణలో జిల్లాల్లోని పాలియేటివ్ కేర్ కేంద్రాల నుంచి ‘ఆలన’ బృందాలు ఇళ్లకు వెళ్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున పింఛను గడప దగ్గరికి తెచ్చిచ్చే యంత్రాంగం ఉంది. పింఛను తెచ్చే మనిషి గడప దాకా రాగలిగినప్పుడు, నెలకు సరిపడా మాత్రలు, బీపీ మిషను పట్టుకుని నర్సు కూడా రావడం అసాధ్యం కాదు.

ఇప్పుడు మీరేం చేయొచ్చు?

● ఆధార్‌లో వయసు చూడండి: వయ వందన కార్డుకు ఆధార్‌లోని వయసే లెక్క. తక్కువ పడి ఉంటే అవసరం రాకముందే సరిచేయించండి. కార్డును ఆయుష్మాన్ యాప్‌లో గానీ, ఆ పథకం ఉన్న ఆసుపత్రిలో గానీ తీసుకోవచ్చు. వివరాలకు 14555. ఆరోగ్యశ్రీ, వైద్యసేవ సందేహాలకు 104.

● డిశ్ఛార్జికి ముందే అడగండి: కొన్ని జబ్బులకు ఆరోగ్యశ్రీలో ఆ తర్వాతి పరీక్షలు, మందులు కూడా ఉంటాయి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి. ఇంటి దగ్గర చేయాల్సిన వ్యాయామాలు ఫిజియోథెరపిస్టుతో చేయించి చూసి నేర్చుకోండి.

● మాత్రలు ఆపొద్దు: బీపీ, షుగర్ మందులు పీహెచ్‌సీలు, పల్లె, బస్తీ దవాఖానాలు, విలేజ్ క్లినిక్‌లలో ఉచితం. నెలకు సరిపడా ఒకేసారి అడగండి. పెద్దవాళ్లు రాలేకపోతే చీటీ తీసుకుని ఇంట్లోవాళ్లు వెళ్లొచ్చేమో ఏఎన్‌ఎంను కనుక్కోండి.

● వేలిముద్ర పడకపోతే: పెద్ద వయసులో వేలిముద్రలు అరిగిపోవడం మామూలే. కనుపాప లేదా ముఖం ద్వారా గుర్తించమని అడగండి. ముద్ర పడలేదని వెనుదిరిగి రావొద్దు.

● చేతికర్ర, వినికిడి యంత్రం: రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి, నెల ఆదాయం రూ.15,000 మించనివారికి కర్రలు, వాకర్లు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడో జిల్లా సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి.

● వైద్యం చేయించకపోయినా నిర్లక్ష్యమే: 2007 చట్టం ప్రకారం పోషణ అంటే తిండి, బట్ట, నీడతో పాటు వైద్యం కూడా. పిల్లలు చూడకపోతే ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేయొచ్చు. వకీలు అక్కర్లేదు. మామూలుగా 90 రోజుల్లో తేల్చాలి. సాయానికి 14567 ఎల్డర్‌లైన్‌కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఫోన్ చేయొచ్చు. దిగులు, నిద్రలేమి వేధిస్తుంటే టెలిమానస్ 14416.

పెద్దవాళ్లు ఎవరినీ పెద్దగా అడగరు. ‘మనకెందుకులే, ఇంకెన్నాళ్లు బతుకుతాం’ అని సర్దుకుపోతారు. అందుకే వారి తరఫున ఇంట్లోవాళ్లూ, ఊరివాళ్లూ అడగాలి. వచ్చే గ్రామసభలోనో, వార్డు సమావేశంలోనో మూడు ప్రశ్నలు చాలు. మన పీహెచ్‌సీలో వృద్ధుల క్లినిక్ ఏ రోజు? మంచాన పడినవారి ఇంటికి నర్సు నెలకెన్నిసార్లు వస్తున్నారు? జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వార్డు ఎక్కడ? సమాధానం రాకపోతే దరఖాస్తుగా రాసిచ్చి, రసీదు తీసుకోండి.