మాట వెంట మెసేజ్: రైతు ఫోను వెనుక కలిసే రెండు వ్యవస్థలు

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మొగుళ్లపల్లి వంటి పత్తి, మిర్చి, వరి పండే మండలాల రైతులకు ఫోనులో వ్యవసాయ సలహా అందించే కిసాన్ కాల్ సెంటర్లను కేంద్ర వ్యవసాయ శాఖ 2004 జనవరి 21న ప్రారంభించింది. 1800-180-1551 అనే ఉచిత నంబరుకు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల మధ్య ఏ రోజు ఫోన్ చేసినా అక్కడి సలహాదారులు రైతు భాషలోనే జవాబు చెబుతారు. ఈ సేవను తరువాత పునర్వ్యవస్థీకరించినప్పుడు ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను ఏర్పాటు చేసి, చెప్పిన సలహా సారాంశాన్ని ఎస్ఎంఎస్‌గా పంపే వసతిని జోడించారు. మందు పేరు, ఎకరాకు మోతాదు, లీటరు నీటిలో కలపవలసిన పాళ్లు ఒకసారి విన్నంత మాత్రాన గుర్తుండవు కాబట్టి, సలహా ఎరువుల దుకాణం దాకా తప్పు లేకుండా చేరాలంటే మాట వెంట రాత కూడా వెళ్లాలి.

ఆ ఎక్స్ఛేంజీని ఐపీ పీబీఎక్స్ అంటారు. ఒక కార్యాలయంలోని ఫోన్లన్నిటినీ రాగి తీగల స్విచ్చుల బదులు కంప్యూటర్ నెట్‌వర్క్ ద్వారా కలిపే వ్యవస్థ అది. సాధారణ టెలిఫోన్ ప్రమాణం ప్రకారం గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలను సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. ఎవరి ఫోను మోగాలి, కాల్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలి అన్నది సిప్ అనే నియమావళి చూసుకుంటుంది. ఈ ఎక్స్ఛేంజీ నిజానికి ఒక సాఫ్ట్‌వేర్ కనుక, కాల్‌ను రికార్డు చేయడం, మధ్యలో మరో నిపుణుణ్ణి కలపడం, కాల్ ముగియగానే వేరొక కంప్యూటర్‌కు ఆదేశం ఇవ్వడం దానికి సులువైన పనులు.

ఎస్ఎంఎస్ స్వభావం దీనికి భిన్నమైనది. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో తొలి సందేశం పంపిననాటి నుంచీ అది ఫోన్ నెట్‌వర్క్ తన సొంత అవసరాలకు వాడుకునే సంకేతాల దారిలోనే ప్రయాణిస్తూ వచ్చింది. మాట అప్పటికప్పుడు చేరాలి, ఆలస్యమైన పొట్లం పనికిరాదు. సందేశమైతే ఆపరేటర్ వద్దనున్న సందేశ కేంద్రంలో నిలిచి, ఫోను స్విచాఫ్‌లో ఉన్నా, సిగ్నల్ అందకపోయినా వేచి ఉండి, కొంత వ్యవధిలో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇంటర్నెట్ లేని మామూలు బటన్ ఫోనుకు కూడా అది చేరడం గ్రామాల్లో దాని విలువను నిలబెడుతున్న ముఖ్య కారణం.

ఈ రెండింటి మధ్య వారధిగా ఉండేది ఎస్ఎంఎస్ గేట్‌వే. కాల్ సెంటర్ కంప్యూటర్ పంపిన పాఠాన్ని, చేరవలసిన నంబరును గేట్‌వే అందుకుని, సాధారణంగా ఎస్ఎంపీపీ అనే నియమావళి ప్రకారం ఆపరేటర్ సందేశ కేంద్రానికి అప్పగిస్తుంది. ఆ ఫోను అప్పుడు ఏ టవర్ పరిధిలో ఉందో తెలుసుకుని సందేశాన్ని చేర్చడం ఆపరేటర్ పని. కాల్‌నూ మెసేజ్‌నూ ముడివేసేది మాత్రం ఫోన్ చేసిన నంబరు ఒక్కటే. పక్కింటివారి ఫోను నుంచి మాట్లాడిన రైతు అడిగిన సలహా పక్కింటివారి ఫోనుకే చేరుతుంది.

తెలుగులో పంపేటప్పుడు మరో ఇబ్బంది ఎదురవుతుంది. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఒక్కో గుర్తుకు 7 బిట్లు చాలే ఇంగ్లిషుకు అందులో 160 అక్షరాల చోటు ఉండగా, 16 బిట్లు కావలసిన తెలుగుకు 70 గుర్తులే దక్కుతాయి. గుణింతం, పొల్లు, సున్న కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక, కంటికి అయిదు అక్షరాలుగా కనిపించే ‘మొగుళ్లపల్లి’ ఒక్కటే 12 గుర్తుల చోటు తీసుకుంటుంది. పాఠం 70 దాటితే సందేశం ముక్కలవుతుంది. ముక్కలను వరుసలో కూర్చే సమాచారానికీ చోటు కావాలి కాబట్టి ఒక్కో ముక్కలో 67 గుర్తులే మిగులుతాయి, ప్రతి ముక్కకూ ఖర్చు వేరుగా పడుతుంది.

సాంకేతికంగా ఇంత తేలికైన వారధిని మోసగాళ్లూ వాడుకోగలరు. అందుకే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వాణిజ్య సందేశాలు పంపే సంస్థ తన పేరును, పంపేవారి గుర్తును, సందేశ నమూనాను ముందుగా ఆపరేటర్ల వద్ద నమోదు చేసుకోవాలి. నమూనాతో సరిపోలని సందేశాన్ని ఆపరేటర్ నిలిపివేయాలి. 2021 మార్చి 8న ఈ వడపోత అమలులోకి రాగానే బ్యాంకుల ఓటీపీలు సైతం ఆగిపోవడంతో ట్రాయ్ దానిని 7 రోజులపాటు వాయిదా వేయవలసి వచ్చింది. ముందే అచ్చుపోసిన నమూనాలోని ఖాళీలు పూరించే ఈ పద్ధతి మోసాన్ని కట్టడి చేస్తుంది గాని, ఒక్కో పొలానికి ఒక్కో తీరుగా చెప్పవలసిన వ్యవసాయ సలహాను అందులో ఇమడ్చడం కష్టం.

ఇంటర్నెట్ ఫోనునూ ఎస్ఎంఎస్‌నూ కలపడంలో యంత్రాల పని ఎన్నడో తీరిపోయింది. మిగిలి ఉన్నది పాఠాన్ని రాసేవారి పని. నమస్కారాలకూ శాఖ పేర్లకూ తొలి ముక్కను ధారపోయకుండా, మందు పేరు, మోతాదు, పిచికారీ చేయవలసిన సమయం మొదటి 67 గుర్తుల్లోనే ఇమిడేలా నమూనాలు తయారుచేస్తే, సందేశం తెరవగానే రైతుకు కావలసింది ముందుగా కనిపిస్తుంది.